వానలేని నెలల పని



నిత్యప్రవాహముగల నది యొక్కటియైనను లేని దేశమున నివసించుచు, సరోవరముల పరిశుభ్రతను గురించి ప్రసంగించుటకు పూనుకొనినవానిని చూచి, ఈయనకు ఎండదెబ్బ తగిలినది కాబోలునని మీలో కొందరు నవ్వుకొనినను నేను తప్పుపట్టను. సౌదీ అరేబియాలో నదులు లేవు. మనకు ఊరూర కనిపించునట్టి చెరువులును లేవు. అయినను రాజధానియగు రియాదు నగరమునకు దక్షిణముగా, అల్ హాయిర్ అను ప్రదేశమున, ఎడారి నడుమ, ఒడ్డున రెల్లును కిక్కిసయు దట్టముగా పెరిగి, శీతకాలమున ఉత్తరదేశముల నుండి వచ్చు పక్షులకు ఆశ్రయమిచ్చుచు, నీటి మడుగులు వరుసగా కానవచ్చును. సెలవుదినమైన శుక్రవారమునాడు చాపలును పులిహోర డబ్బాలును కారులో వేసికొని అచ్చటికి పోయి, నీటిని చూచినంతనే స్వగ్రామము చేరినంత సంబరపడు తెలుగు కుటుంబములు లేకపోలేదు. ఆ నీరు ఎక్కడిది, ఎట్లు వచ్చినది, ఎవరి చేతులమీదుగా శుభ్రపడి వచ్చినది అను విషయమును గురించి నాలుగు మాటలు చెప్పవలెనని ఈనాటి నా యుద్దేశము.

ఆ నీటిలో అధికభాగము ఆకాశము నుండి దిగినది కాదు, సముద్రము నుండి ఎక్కినది. 1980 దశకము మొదలుకొని తూర్పుతీరమునందలి జుబైల్ పట్టణమున సముద్రజలము నుండి ఉప్పును వేరుచేసి, ఆ మంచినీటిని 400 కిలోమీటర్లకు పైబడిన దూరము గొట్టములలో నడిపించి, సముద్రమట్టమునకు సుమారు 600 మీటర్ల యెత్తుననున్న రియాదునకు తెచ్చుచున్నారు. ఇంత ప్రయాసతో ఎక్కివచ్చిన నీరు వంటయిండ్లలోను స్నానపు గదులలోను పచ్చికబయళ్ళలోను తన పని ముగించుకొని, కొంత గొట్టముల అతుకులలో నుండి కారి, కొంత మరుగుదొడ్ల గుంటలలో నుండి ఇంకి, నగరము క్రింద భూగర్భజలమట్టమును పైకి లేపెను. భవనముల పునాదులు తడియసాగగా ఆ నీటిని తోడి, శుద్ధికేంద్రముల నుండి వెలువడు నీటితో పాటుగా, పశ్చిమమున నున్న లోయలోనికి వదలిరి. ఏడాదికి నాలుగైదు వానలకు మాత్రమే ఒడలు తడుపుకొనుటకు అలవాటుపడిన ఆ యెండువాగు, మానవుని యెంగిలినీటితో పండ్రెండు నెలలును పారసాగినది. రియాదులో ఏడాది వర్షపాతము మొత్తము సుమారు 100 మిల్లీమీటర్లు. మన కోస్తాలో ఒక్క వాయుగుండము ఒక్క పగటిలో కురిపింపగల వర్షమది.

ఆ లోయ పేరు వాదీ హనీఫా. తువైఖ్ కొండచరియల నుండి బయలుదేరి, సుమారు 120 కిలోమీటర్ల పొడవున దక్షిణముగా సాగి, 4,000 చదరపు కిలోమీటర్లకు మించిన నేలపై కురిసిన వాననీటిని పోగుచేసి, తుదకు ఇసుకలో లీనమగును. దాని యొడ్డుననే సౌదీ రాజవంశమువారి తొలి రాజధానియగు దిరియా వెలసినది. అంతకు చాలముందు, 1332లో, ఈ మార్గమున పోయిన ఇబ్న్ బతూతా, నేటి రియాదు స్థానమున నుండిన హజ్ర్ పట్టణమును, అచ్చటి సెలయేళ్ళను, చెట్లను ప్రస్తావించి యుండెను. రియాదు నడిబొడ్డున మనవారు శుక్రవారము సాయంకాలములందు బంధువులను కలిసికొనుటకును, ఊరికి డబ్బు పంపుటకును, గోంగూర పచ్చడి కొనుటకును గుమికూడు బత్హా వీధి కూడ ఈ వాదీలోనికి పోవు ఒక ఉపనదీమార్గమేనని చాలమందికి తెలియదు. దాని మీద రోడ్డు వేసిరి, అంగళ్ళు కట్టిరి. నీటికి మాత్రము తన దారి జ్ఞాపకమున్నది. గట్టివాన కురిసిన దినమున బత్హాలో మోకాలిలోతు నీటిలో నిలిచి, నగరపాలకులను తిట్టువారు, తాము నిలిచినది వాగు నడుమనని యెరుగరు.

నగరము వేగముగా పెరిగిన ఆ దశాబ్దములలో వాదీ హనీఫాకు పట్టిన దుర్దశను వర్ణించుటకు నాకు ఉత్సాహము లేదు. గులకరాళ్ళ కొరకు దాని గర్భమును త్రవ్విరి. కూలగొట్టిన యిండ్ల శిథిలములను దాని యొడిలో పోసిరి. చర్మశాలల మురుగును, చచ్చిన పశువులను అందులోనికి నెట్టిరి. లోకమున పెక్కు నగరములు తమ నీటికి చేసిన మర్యాదయే యిది. మన మూసీనదికి హైదరాబాదు చేసినది ఇంతకంటె గొప్ప సత్కారమేమియు కాదు. అయితే 2001లో రియాదు అభివృద్ధి సంస్థవారు ఈ లోయ నంతటిని ఒకే శరీరముగా భావించి పునరుద్ధరణ ప్రణాళికను సిద్ధము చేయించిరి. కెనడా దేశపు మొరియామా అండ్ తెషిమా అను వాస్తుసంస్థయు, ఇంగ్లండునకు చెందిన బ్యూరో హాపోల్డ్ అను ఇంజనీర్ల సంస్థయు ఆ పనిలో పాలుపంచుకొనినవి. లక్షల ఘనపు మీటర్ల శిథిలములను ఎత్తివేసిరి, వరద పోవు దారిని సరిచేసిరి, ఖర్జూరములను తుమ్మజాతి వృక్షములను నాటిరి. 2010లో దోహా నగరమున ఆగాఖాన్ వాస్తుపురస్కారమును ఈ పనికి ప్రదానము చేసిరి.

ఇక నీటిని శుభ్రపరచు ఉపాయమును గూర్చి చెప్పెదను. ఉతైఖా అను ప్రాంతమునందలి జీవశుద్ధి కేంద్రమును చూడబోవువారు యంత్రములను, ఇనుప తొట్లను, మందుల పీపాలను ఊహించుకొని పోయినచో నిరాశ చెందుదురు. అచ్చట కనిపించునది రాతితో కట్టిన చిన్న చిన్న మడుగుల సముదాయము. లెక్కకు 134 గదులు. నీరు ఒక గది నుండి మరియొక గదికి రాళ్ళమీదుగా దుముకుచు, గాలిని తనలో కలుపుకొనుచు సాగును. అవసరమైనచోట అడుగు నుండి గాలిని గొట్టములతో ఊదుదురు. మడుగు అడుగున పరచిన రాళ్ళపైన, గరుకైన పలకలపైన, మొక్కల వేళ్ళపైన కంటికి కనిపించని సూక్ష్మజీవులు జిగురుపొరగా ఏర్పడి, నీటిలోని కల్మషమును తమ ఆహారముగా గ్రహించును. ప్రాణవాయువు సమృద్ధిగా నున్నచోట ఒక జాతి జీవులు అమ్మోనియాను నైట్రేటుగా మార్చును. అది కొరవడిన లోపలి చీకటిపొరలలో వేరొక జాతి ఆ నైట్రేటును విడగొట్టి, నత్రజనిని గాలిలోనికి వదలును. నాచును పురుగులు తినును, పురుగులను చేపలు తినును, చేపలను కొంగలు తినును. ఈ పరస్పర భక్షణముచేత, రసాయనముల ప్రమేయము లేకుండ, దినమునకు సుమారు 3.5 లక్షల ఘనపు మీటర్ల నీరు శుద్ధిపొంది క్రిందనున్న మడుగులకు పోవునట్లు దానిని రూపొందించిరి.

ఈ శుద్ధి జరుగకున్నచో ఏమగునన్న ప్రశ్నకు సమాధానము ఈ దేశముననే, ఎర్రసముద్రతీరమునందలి జిద్దాలో దొరకినది. తగినంత భూగర్భ మురుగుకాలువల వ్యవస్థ అప్పటికి లేని ఆ నగరమున, ఇంటింట గుంటలను తోడిన ట్యాంకరు లారీలు తూర్పుకొండల నడుమ నున్న పల్లమున మురుగును కుమ్మరించుచు రాగా, అచ్చట ఒక సరస్సే యేర్పడినది. దానికి జనులు పెట్టిన పేరు కస్తూరి సరస్సు. అరబ్బుల వ్యంగ్యము మన చాటుకవులకు తీసిపోదు. 2009 నవంబరు 25వ తేదీన, ఏడాదికి కురియవలసిన దానికంటె మిక్కిలి వర్షము కొన్ని గంటలలో జిద్దాపై కురిసి, వరదలలో నూరుమందికి పైగా ప్రాణములు కోల్పోయిన సమయమున, ఆ మురుగుసరస్సు కట్ట తెగి ఊరిమీద పడునేమోనన్న భయము నగరమునంతటిని వణికించినది. తరువాత దానిని తోడి యెండగట్టిరి. నగరము తన మురుగును వడకట్టకుండ పోగుచేసికొనిన మడుగు, పేరున కెంత సువాసన యున్నను, నెత్తిమీది గండమే యగును.

పెద్ద కేంద్రమును గూర్చి యింతసేపు చెప్పితిని గాని, నా మనస్సు నిజముగా లగ్నమైనది చిన్నవాటి మీద. వీధి చివర, మసీదు వెనుక, కారులు నిలుపు స్థలమునకు ప్రక్కన, ఉద్యానవనపు పల్లమున, ఆయా పేటల వాననీటిని అక్కడికక్కడ పట్టి వడకట్టు పల్లపు తోటలు కలవు. ఇంజనీర్లు వీటిని బయోఫిల్టర్లందురు. ఆస్ట్రేలియా, అమెరికా నగరములలో ఇవి విరివిగా నున్నవి. నేను నివసించు కాంపౌండు వెనుక భాగమున అట్టిది యొకటి కలదు గనుక దాని మంచిచెడ్డలు కొంతవరకు ఎరుగుదును. నిర్మాణము సులభమైనది. పైన గులకరాళ్ళ పొర, దాని క్రింద మోకాలిలోతున ఇసుకపాలు హెచ్చుగానున్న మట్టి, అందులో బెట్టకును తడికిని ఓర్చుకొను గడ్డిమొక్కలు, అడుగున కంకరలో పొదిగిన చిల్లుల గొట్టము, అంతే. వీధిలో పారిన నీరు అంచునందలి గండిగుండ లోనికి వచ్చి, మొదట ఒక చిన్న పూడికగుంటలో కొంతసేపు నిలిచి బరువైన చెత్తను దింపుకొని, తరువాత మట్టిలో నెమ్మదిగా దిగి, గొట్టము చేరి, వానకాలువ ద్వారా వాదీకి పోవును.

ఎడారి నగరమున మొదటి వాన తెచ్చునది నీరు కాదు, నగరపు పాపము. మే మొదలు అక్టోబరు వరకు రోడ్లమీద పేరుకొనిన ఇసుకయు, కారుల నుండి కారిన నూనెయు, టైర్ల అరుగుదలయు, బ్రేకుల నుండి రాలిన రాగిపొడియు, వీధిలో కారులు కడిగిన సబ్బునురుగు ఎండిన పొరయు, మాంసము కాల్చుకొనిన బొగ్గుల బూడిదయు నవంబరునందలి మొదటి గంట వానలో ఏకమై దిగివచ్చును. ఆ మొదటి గంటకు సిద్ధముగా నున్న వడపోత ఆ యేటికి తన బాధ్యతలో పెద్దభాగము తీర్చుకొనినట్లే. సిద్ధముగా లేనిది, తరువాత ఎంత చక్కబెట్టినను, సరస్సునకు చేయగల మేలు స్వల్పము. కావున దానికి చేయవలసిన సేవ యంతయు వానలేని నెలలలోనే, దాని అవసరము ఎవరికిని గుర్తుకురాని కాలముననే, జరుగవలసి యున్నది. ఈ విషయమున మానవస్వభావము సహకరించదు. వాన కురియుచున్నప్పుడు అందరును కిటికీలలో నుండి కాలువల వంక చూతురు. జూన్ నెలలో ఎండిన గుంటను చూచుటకు ఎవడు వచ్చును?

మా కాంపౌండులో తోటపని చేయువారిలో జగిత్యాల ప్రాంతము నుండి వచ్చిన పెద్దాయన ఒకరుండిరి. వేసవిలో ఒకనాటి వేకువన ఆయన పూడికగుంటలో దిగి పారతో తీయుచుండగా, ఈ వేసవిలో తొందర యేమని నేను అడిగితిని. "వాన వడ్డంక ఎవలు దిగుతరు సారూ గిండ్ల? బురద కాళ్ళు వట్టుకుంటది. ఎండినప్పుడు పెచ్చులు పెచ్చులుగ లేస్తది, గంప నింపుడే తరువాయి" అని ఆయన బదులు చెప్పెను. ఆ ఒక్క మాటలో మరమ్మతు గ్రంథములలోని ఒక అధ్యాయమున్నది. సన్నని దుమ్ము వాననీటితో దిగి, ఆరినపుడు వడపోతపై ఒక పలుచని గట్టిపొరగా ఏర్పడును. ఆ పొర రెండు మూడు సెంటీమీటర్లకు మించకపోయినను, నెలల తరబడి ఉదుకని వడగట్టుగుడ్డవలె, నీటిని క్రిందికి పోనీయదు. దానిని పొడిగా నున్నపుడు గీకి తీసిన సరిపోవును. అజాగ్రత్తచేత మూడు నాలుగేండ్లు విడిచిపెట్టినచో లోపలి ఇసుకయంతయు పూడుకొని, మొక్కలతో సహా పెరికి మరల నింపవలసి వచ్చును. ఒక మనిషి ఒక ఉదయపు పనిని తప్పించుకొనుటకు ఒక గుత్తేదారుని బిల్లు చెల్లింపవలసి వచ్చునన్నమాట.

ఈ తీసిన మట్టిని ఏమి చేయవలెనన్న ప్రశ్నవద్ద మన గ్రామీణ వివేకము కొంత దారితప్పించును. మనకు చెరువు పూడిక బంగారము. 2015 మార్చి 12వ తేదీన నిజామాబాదు జిల్లా సదాశివనగరమున మిషన్ కాకతీయ ప్రారంభమైన తరువాత, తెలంగాణములోని వేలకొలది చెరువుల నుండి తీసిన ఒండ్రును రైతులు ట్రాక్టర్లలో తమ పొలములకు తోలుకొనిపోయిరి. ఎరువుల ఖర్చు తగ్గినదని సంతోషించిరి. ఆ అలవాటుచేత, తెలుగువాడగు తోటమాలి కంటికి బయోఫిల్టరునందలి నల్లని సన్నమట్టి కూడ అట్టి ఒండ్రుగనే తోచి, దానిని ప్రక్కనున్న కూరగాయల మడిలో చల్లవలెనని చేతులు ఉబలాటపడును. అది తగదు. చెరువులో చేరినది పొలముల సారము. ఈ గుంటలో చేరినది రోడ్డుమీది తుత్తునాగము, రాగి, సీసము, నూనెజిడ్డు. వడపోత తన పని ఎంత బాగుగా చేయునో ఆ మట్టి అంత విషపూరితమగును. దానిని ఆరనిచ్చి, సంచులలో కట్టి, నగరపాలకులు, అనగా ఇచ్చటివారు బలదియా అని పిలుచు కార్యాలయమువారు, చెప్పిన చోటికే చేర్చవలెను గాని ఖర్జూరపు పాదులకు గాని తోటకూర మడులకు గాని వేయరాదు.

మొక్కల సంగతియు ఇట్టిదే. కొల్లేటి వారికి కిక్కిసను గూర్చి నేను చెప్పనక్కరలేదు. దాని మొండితనము వారికి తెలిసినదే. వాదీ మడుగులలో పెరుగునదియు ఆ జాతియే. అది నీటిలోని భాస్వరమును నత్రజనిని త్రాగి కాండమున దాచుకొనును. ఆ దాచుకొనినదానిని అట్లే వాడి నీటిలో పడి కుళ్ళనిచ్చినచో, ఎంత తీసికొనినదో అంతకు కొంచెము తక్కువగా మరల నీటికే అప్పగించును. నత్రజని గాలిలో కలిసిపోగలదు గాని భాస్వరమునకు గాలిదారి లేదు. అది ఈ మడుగులను విడిచిపోవుటకు మార్గములు రెండే, కోసిన గడ్డిమోపుగా నొకటి, తీసిన పూడికగా నొకటి. కావున గడ్డి పచ్చగా నున్నపుడే, వాడుముఖము పట్టకముందే, కోసి బయటికి మోయవలెను. అందును ఒక మెళకువ యున్నది: నీటిమట్టమునకు పైన కోయవలెను. మోడు నీట మునిగినచో కాండములోని గాలిదారి మూసుకొని వేరు ఊపిరాడక చచ్చును. గడ్డియంతటిని ఒకేసారి కోయుటయు మంచిది కాదు. వసంతమున అందులో పక్షులు గూళ్ళు కట్టును, కావున చాళ్ళుగా విభజించి వంతులవారీగా కోయుట తగియున్నది. పచ్చదనమును పోగొట్టుచున్నారని చూచువారు విసుగుకొందురు. పచ్చగా కనబడుటకును, నీరు శుభ్రపడుటకును గల సంబంధము మనమనుకొనినంత దగ్గరది కాదు.

ఎరువు విషయమున తోటమాలుల చేతులను పట్టి ఆపవలసి వచ్చును. మొక్క కొంచెము పాలిపోయినచో గుప్పెడు యూరియా చల్లుట వారికి దయాగుణము. నీటిలోని నత్రజనిని తొలగించుటకై పెట్టిన తోటలో నత్రజనిని చల్లుట ఎట్టిదో ఆలోచింపుడు! ఆ యూరియా తరువాతి వానతో తిన్నగా మడుగు చేరి నాచునకు విందగును. నాచు పెరిగి, చచ్చి, కుళ్ళునపుడు నీటిలోని ప్రాణవాయువు హరించి, తెల్లవారునప్పటికి చేపలు వెల్లకిల పడును.

ఎడారికి ప్రత్యేకమైన చిక్కు మరియొకటి కలదు, అది ఉప్పు. వాన లేని నెలలలో మొక్కలను బ్రతికించుటకు శుద్ధిచేసిన మురుగునీటిని పెట్టుదురు. నగరమున 75 లక్షల చెట్లు నాటవలెనను సంకల్పముతో 2019లో వెలువడిన హరిత రియాదు పథకమునకును అట్టి నీరే ఆధారము. ఆ నీటిలో కొద్దిగా ఉప్పుండును; నీరు ఆవిరియగును, ఉప్పు మిగులును. కొన్నినాళ్ళకు మట్టిపై తెల్లని పెంకు కట్టి వేళ్ళను కాల్చును. దినదినము కొంచెముగా తడుపుటకు మారుగా, అప్పుడప్పుడు సమృద్ధిగా నీరు పారించి ఆ లవణమును అడుగునకు కడిగివేయుట దీనికి విరుగుడు. కడప మండలమున పోరుమామిళ్ళ చెరువు శాసనమును, 1369వ సంవత్సరమునాటిదానిని, ఎరిగినవారికి ఈ చోట చిరునవ్వు వచ్చును. మంచి చెరువునకు కావలసిన సాధనములు పండ్రెండింటిని, వర్జింపవలసిన దోషములు ఆరింటిని ఆ శాసనము పేర్కొనినది. దోషములలో చవుడునేల యొకటి. ఆ శాసనమును చెక్కించిన భాస్కర భవదూరుని దేశము నుండి నేడు వేలకొలది జనులు గల్ఫునకు వచ్చి ఆ చవుడుతోనే పోరాడుచున్నారు.

దోమలను గూర్చి ఒక మాట చెప్పక తీరదు. ఏలయన పేటలో వడపోత పెట్టబోవునపుడు గృహిణులు మొట్టమొదట అడుగు ప్రశ్న అదియే, అడుగుటయు న్యాయమే. జిద్దాలో డెంగీ జ్వరము 1990 దశకము నుండియు ఉన్నది. దోమగ్రుడ్డు రెక్కలు తొడిగి యెగురుటకు వేడిమిలో సుమారు వారము పట్టును. చక్కగానున్న వడపోతలో వాననీరు ఒకటి రెండు దినములలో ఇంకిపోవును గనుక దోమకు అచ్చట సంసారము చేయుటకు వ్యవధి చాలదు. మూడవనాడును నీరు నిలిచియున్నదన్నచో అది దోమల సమస్య కాదు, పూడిక సమస్య. మందు చల్లువానిని కాక పారపట్టువానిని పిలువవలెను. నిత్యము నీరుండు పెద్దమడుగులలో చేపలు ఆ కార్యమును నిర్వహించును. హైదరాబాదు శివారున నెక్నాంపూరు చెరువులో 2018లో వెదురును గోనెసంచులను వాడి అల్లిన తేలుతోటను దింపి, వట్టివేళ్ళును మెట్టతామరయు జమ్మును పెంచి, వాని వేళ్ళను నీటిలోనికి వ్రేలాడనిచ్చిరి. అచ్చటను సూత్రమిదియే. తేలుతోటకు పూడిక భయము లేదు గాని, కోతపని తప్పదు.

ఇన్ని పనులు చేయువారెవరు? ఇచ్చటి నగరశుభ్రతా కార్మికులలోను తోటమాలులలోను కరీంనగరము, జగిత్యాల, నిజామాబాదు, కడప ప్రాంతములవారు, వారితోపాటు బంగ్లాదేశీయులు, నేపాలీయులు, పాకిస్తానీయులు విశేషముగా నున్నారు. వేసవిలో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము పండ్రెండు మొదలు మూడు గంటల వరకు ఎండలో పని చేయించరాదని ప్రభుత్వ నిబంధన కలదు. కావున పూడికతీత తెల్లవారుజామున సాగును. చేతికి మందమైన తొడుగు, కాలికి బూటు లేక గుంటలో దిగరాదు. వాననీటితో పగిలిన సీసాలును, సూదులును కొట్టుకొనివచ్చును. మూతవేసిన మ్యాన్‌హోలులోనికి, ఎంత చిన్న పనికైనను, గాలిని పరీక్షింపకుండ, పైన మనిషి లేకుండ దిగుట ప్రాణాపాయము. లోపల విషవాయువు చేరియుండును. మేస్త్రీ తొందరపెట్టినను దిగవద్దని నేను మనవారితో మరల మరల చెప్పుచుందును, ఇప్పుడును చెప్పుచున్నాను.

గుత్తపత్రములను గూర్చి నా అభిప్రాయము కొంచెము కఠినమైనది. తోటల పోషణకు ఒప్పందము వ్రాయునపుడు పచ్చిక ఎన్నిసార్లు కత్తిరింపవలెనో, పూలమొక్కలు ఎన్ని మార్చవలెనో వివరముగా వ్రాయుదురు. పూడికగుంటను తీయుట ఒక పంక్తిలో, కొన్నిసార్లు ఆ పంక్తియైనను లేకుండ, ముగించెదరు. పైకి కనబడని పనికి పద్దు ఉండదు. పద్దు లేని పనిని, ఎంత మంచి మేస్త్రీయైనను, ఎన్నేండ్లు ఉచితముగా చేయించును? బహుమతి పొందిన వాదీ హనీఫావంటి నిర్మాణమునకైనను, పేరులేని మా వీధిచివరి గుంటకైనను, ఏటేటి పోషణకు పద్దు కట్టడపు పద్దుతో కలిపి మొదటనే వ్రాయవలెనని నా వాదన. మన పూర్వులు చెరువు త్రవ్వించుటతో ఆగక, నీరు వదలు నీరటికానికి మాన్యమిచ్చి పోషించిరి. అచ్చటి వివేకము ఇచ్చట టెండరుకాగితములో ప్రవేశింపవలసి యున్నది.

మరియొక చిక్కు, పరదేశమునకు ప్రత్యేకమైనది. రెండేండ్ల ఒప్పందము ముగియగానే పనివాడు ఇంటికి పోవును. ఆ గుంటను గూర్చి అతడెరిగినదంతయు అతనితోనే విమానమెక్కును. క్రొత్తవానికి అరబ్బీ రాదు, కాగితమంతయు అరబ్బీ. అతని ప్రక్కవాడు బెంగాలీ, మేస్త్రీ పఠాను. దీనికి మా కాంపౌండులో, ముందు చెప్పిన జగిత్యాల పెద్దాయన సూచనమీదనే, ఒక ఉపాయము చేసితిమి. పూడికగుంట నడుమ ఒక ఇనుపకడ్డీని పాతి, అడుగు నుండి జానెడెత్తున ఎర్రరంగుతో గీత వేసితిమి. మట్టి ఎర్రగీతను అందుకొనినచో పార తీయవలెను. అందుకొననిచో వేరే పనికి పోవచ్చును. వడపోత తోటలో మరియొక కడ్డీకి నీలిగీత. వాన వెలిసిన మరునాటి సాయంకాలమునకు నీరు ఆ గీతకు దిగియుండవలెను, లేనిచో పైపొర గీకవలెను. ఈ గీతలు చదువుటకు ఏ భాషయు అక్కరలేదు. పేటలో ఇట్టి వడపోత గలవారు నవంబరునకు ముందుగా రెండు కడ్డీలును, చిన్న డబ్బా రంగును తెచ్చుకొనినచో, ఆ పని ఒక్క గంటలో ముగియును.